బయట ఉన్నవారు: సున్నా

కృత్తిక కార్తె, ఐదో రోజు

తూర్పు గోడ పగుళ్ళలోంచి తేళ్ళు దిగుతున్నాయి. చెప్పులు దులిపి వేసుకోండి. మంచినీళ్ళ కాలవలో చింతపండు పిప్పి వేస్తున్నది ఎవరో నాకు తెలుసు. మూడో మెట్టు మీద ఉంటారు. ఇంకోసారి జరిగితే పేరు రాస్తాను. రేపటి నుంచి మూత ఏడూ ముప్పావుకే పడుతుంది. ఆ తర్వాత వడగాలిలో బయట ఉన్న మనిషి గంట కూడా బతకడు కాబట్టి, సోలార్ పలకలు తుడిచే వంతు ఉన్నవాళ్ళు తెల్లవారగానే వెళ్ళి ఏడున్నరకల్లా లోపల ఉండాలి. కబుర్లు వచ్చాక చెప్పుకోవచ్చు.

క్వారీవాడ వాసులకు ఇలాంటి హెచ్చరికలు రాయడం నా పని. ఈ పుస్తకం గేటు పక్కన గొలుసుకు వేలాడుతుంది. చదివేవాళ్ళు తక్కువ. ముప్పై ఏళ్ళు కోర్టులో తీర్పులు తెలుగు చేసినవాణ్ణి, చదవనివాళ్ళ కోసం రాయడం నాకు అలవాటే.

మా తాతల కాలంలో నాపరాయి తీసి వదిలేసిన గొయ్యి ఇది. పైకప్పు వేసుకుని, మెట్టుమెట్టుకూ ఇళ్ళు కట్టుకుని, రెండొందల పన్నెండు మందిమి ఇందులో బతుకుతున్నాం. ఒకప్పుడు లారీలు దిగిన బాట ఒక్కటే దారి. దానికి అడ్డంగా పడే ఇనుప తలుపును మూత అంటాం.

ఆ మూతను ఇరవై ఏళ్ళు నాగేంద్రమ్మ కాపాడింది. మనిషికొక గులకరాయి, దానిమీద రంగుతో పేరు. మనిషి బయటికి వెళితే రాయి ఎడమ పళ్ళెంలోకి, తిరిగొస్తే కుడి పళ్ళెంలోకి. ఎడమ పళ్ళెం ఖాళీ అయితేగాని ఆవిడ చక్రం తిప్పి మూత దించేది కాదు. మొన్న ఉగాదికి వాడ రక్షణ సంఘం అధ్యక్షుడు ముక్కామల భుజంగరావు ఆవిడకు శాలువా కప్పి ఇంటికి పంపించి, ఆ స్థానంలో మాట్లాడే యంత్రాన్ని పెట్టించాడు. చక్రాన్ని ఇరుసుతో సహా కోయించి, సంఘం గదిలో గోడకు తగిలించి దండ వేశాడు. చక్రం ఉంచమని నేను పన్నెండు పేజీల అభ్యంతరం రాసిచ్చాను. ఐదో పేజీ వెనక అతని మనవరాలు ఏనుగు బొమ్మ వేసింది. నా అభ్యంతరానికి సంఘం నుంచి వచ్చిన సమాధానం అదొక్కటే.

భుజంగరావు నాకు స్వయానా బావమరిది. నా భార్య విశాలాక్షికి తమ్ముడు. ఈ సంగతి ఎక్కడా దాచలేదు.

యంత్రాన్ని అందరూ తలుపమ్మ అంటారు. సున్నపు దుమ్ముకు దాని కెమెరా కన్ను పదిరోజులకే పోయింది. ఇప్పుడు గోడలోని చిల్లుల జల్లెడలోంచి గొంతు విని మనిషిని గుర్తుపడుతుంది. గేటు దగ్గరికి వెళ్ళినవాళ్ళను "వస్తున్నారా? పోతున్నారా?" అని వార్తలు చదివే గొంతుతో అడుగుతుంది. వాళ్ళు చెప్పిన జవాబును బట్టి లోపలెందరో బయటెందరో లెక్క వేసుకుంటుంది. బయట ఒక్కరున్నా సరే, మూత దించేముందు సైరన్ మోగించి, మనిషికి మూడు నిమిషాల చొప్పున ఆగుతుంది. ఎవరూ లేరనుకుంటే చప్పుడు లేకుండా మూసేస్తుంది.

ఇది రాస్తుండగా భుజంగం నా భుజం మీంచి తొంగి చూశాడు.

"ఏంది బావా, నా మీదేనా?"

"నీ మీద రాయాలంటే పుస్తకం చాలదురా."

"యాభై రోజులైంది యంత్రం పెట్టి. ఒక్కసారన్నా సైరన్ మోగిందా? ఒక్కడన్నా ఆలస్యంగా వచ్చాడా? క్రమశిక్షణంటే అదీ. అది కూడా రాయి."

రాశాను. ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదని కూడా రాస్తున్నాను.

కృత్తిక కార్తె, తొమ్మిదో రోజు

ఇవాళ పలకలు తుడిచే వంతు నాది. డెబ్భై నాలుగేళ్ళవాడికి వంతేమిటని ఎవరూ అనరు. నేనూ అననివ్వను.

పలకలు నాలుగు వరసలు. నాలుగో వరస చివర, గేటుకు ఇరవై నిమిషాల నడక దూరంలో, షెడ్డు గోడ మీద ఒక బోర్డు ఉంది. బయట పనిచేసేవాళ్ళకు ధైర్యంగా ఉంటుందని తలుపమ్మ లెక్కను అందులో చూపిస్తారు. తుడుస్తూ తుడుస్తూ తలెత్తి చూశాను.

బయట ఉన్నవారు: 0.

నా చేతిలో తడిగుడ్డ ఉంది. పక్క వరసల్లో ఇంకో ఆరుగురు వంగి తుడుస్తున్నారు. నా మీద నాకు అనుమానం వచ్చి ఒకసారి దగ్గాను. దగ్గు వినిపించింది.

లోపలికొచ్చి భుజంగానికి చెబితే "బోర్డు పాడైందిలే బావా, నీ కళ్ళద్దాలన్నా పాడై ఉంటయ్" అన్నాడు. యంత్రం మరమ్మతు చూసే మస్తాన్‌బీని అడిగాను. ముప్పై ఏళ్ళ పిల్ల, మాట సూటిగా ఉంటుంది.

"బోర్డు బానే ఉంది తాతా. తలుపమ్మ ఏం చెప్తే అది చూపిస్తది."

"మరి తలుపమ్మ?"

"అదీ బానే ఉంది. అదే నాకు అర్థం కావట్లా."

నాగేంద్రమ్మది గేటు పక్క మొదటి ఇల్లు. పని పోయినా ఆవిడ పళ్ళేలు గుమ్మంలోనే ఉన్నాయి. చెయ్యి ఊరుకోక ఇప్పటికీ రాళ్ళు మారుస్తూనే ఉంటుంది.

"పొద్దున నా ఎడమ పళ్ళెంలో ఏడు రాళ్ళున్నయ్ అన్నయ్యా" అంది. "నీదీ ఉంది. ఆకుపచ్చ రాయి."

హెచ్చరిక: తలుపమ్మ లెక్కలో తప్పు ఉంది. తప్పేమిటో తెలిసేదాకా ఏడు గంటలకే తిరిగి రండి.

కృత్తిక కార్తె, పదకొండో రోజు

తప్పేమిటో తెలిసింది.

తెల్లవారగానే గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, తలుపమ్మ అడిగినదానికి ఎవరు ఏమంటున్నారో అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను. బయటికి వెళ్ళినవాళ్ళు పధ్నాలుగు మంది. వాళ్ళ మాటలు ఇవీ: వస్తానమ్మా. వెళ్ళొస్తా. ఇప్పుడే వస్తా, కంగారుపడమాక. వస్తా వస్తా, తియ్యి. ఒకాయన దణ్ణం పెట్టి మరీ వస్తానన్నాడు.

పోతున్నాననే మాట పధ్నాలుగు మందిలో ఒక్కరి నోట రాలేదు. ఎలా వస్తుంది? గడప దాటుతూ పోతున్నానని మనలో ఎవరంటారు? పోయాడు అంటే ఎక్కడికి పోయినట్టో చంటిపిల్లలకు కూడా తెలుసు. తలుపమ్మను తయారుచేసినవాళ్ళకు తెలియదు. దానికి రెండే మాటలు నేర్పారు, రావడం, పోవడం. వస్తానన్న ప్రతివాణ్ణీ అది లోపలికి వచ్చినవాడిగా రాసుకుంటోంది. యాభై రోజులుగా దాని దృష్టిలో ఈ వాడ నుంచి ఎవరూ బయటికి కాలు పెట్టలేదు. భుజంగం చెప్పిన క్రమశిక్షణ ఇదే.

ఈ మాటతో నాకు పాత పరిచయం ఉంది. ఒక హత్య కేసులో ముద్దాయి "వస్తా" అని వెళ్ళిపోయాడని సాక్ష్యం. అది మళ్ళీ వచ్చి చంపుతాననే బెదిరింపు అని తెలుగు రాని లాయరు గంటసేపు వాదించాడు. సెలవు తీసుకునే మాట అని నేను అడుగున నాలుగు వరసలు రాయబట్టి ఆ మనిషి బతికిపోయాడు.

ఇంకో పరిచయం కూడా ఉంది. నాలుగేళ్ళ కిందట విశాలాక్షి స్ట్రెచరు మీద ఈ బాట ఎక్కుతూ, నా వైపు చూసి "వస్తానండీ" అంది. ఆసుపత్రి నుంచి రాలేదు. అప్పటి నుంచి ఆ మాట నాకు పడదు. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి అనాల్సిన అవసరమూ రాలేదు. మరి మొన్న బోర్డు మీద సున్నా ఉందంటే, గేటు దాటుతూ నేను కూడా తెలియకుండా ఆ మాటే అన్నానన్నమాట.

హెచ్చరిక: రేపటి నుంచి బయటికి వెళ్ళే ప్రతివాళ్ళూ తలుపమ్మకు "పోతున్నాను" అని చెప్పాలి. నమ్మకాలు పక్కన పెట్టండి.

రోహిణి కార్తె, మొదటి రోజు

ఎవరూ చెప్పడం లేదు. నా హెచ్చరిక కింద ఎవరో పెన్సిలుతో "ముందు నువ్వు పో" అని రాశారు. చేతిరాత బాగుంది.

"పొద్దున్నే పోతన్నారా అని అడుగుద్ది, దాని నోట్లో మన్నుపడ" అంది నాగేంద్రమ్మ. "నేను పోతన్నానని నా నోటితో నేనే అనాల్నా? నువ్వు చదువుకున్నోడివి గదా అన్నయ్యా, నువ్వను, వింటాం."

నోరు తెరిచాను. ఎంత చదివినా ఆ మాట గొంతు దాటలేదు. నాగేంద్రమ్మ నవ్వలేదు. అది ఆవిడ మంచితనం.

మస్తాన్‌బీ కంపెనీకి కబురు పంపింది. వాళ్ళ మనిషి మృగశిర కార్తె వస్తేగాని రాడట. ఈలోగా మాట అర్థం రాసి పంపమంటే రెండు పేజీలు రాసిచ్చాను. వాటి వెనక ఎవరూ బొమ్మలు వేయకుండా నేనే కవరులో పెట్టి అంటించాను.

భుజంగానికి కోపం వచ్చింది. గేటు ముందు, పదిమంది వింటుండగా అందుకున్నాడు.

"ఇన్ని రోజుల్లో ఒక్క చెడ్డ జరిగిందా బావా? నీకు తప్పులు పట్టడం తప్ప వేరే పని లేదు. మా అక్క ఎట్టా వేగిందో నీతో."

"నాతో వేగడానికి ముందు నీతో పదిహేడేళ్ళు వేగింది. తర్ఫీదు అయింది."

"రేపు నేనే పోయి బోర్డు చూస్తా. ఒకటన్నా ఉందనుకో, నీ పుస్తకం చించి పొయ్యిలో పెడతా."

"సున్నా ఉంటే?"

"చక్రాన్ని నా నెత్తిన మోసుకొచ్చి ఇక్కడ బిగిస్తా. సరేనా?"

సరేనన్నాను. డెబ్భై దాటిన వాడు, మోకాళ్ళ నొప్పులవాడు. వద్దనాల్సింది.

రోహిణి కార్తె, రెండో రోజు

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను. తప్పు నాది. అది మొదటి వాక్యంలోనే ఉండాలని ఇక్కడ రాస్తున్నాను.

ఆరుంబావుకు భుజంగం తలకు తువ్వాలు చుట్టుకుని, చేతికర్రతో గేటు దగ్గరికి వచ్చాడు. నేను స్టూలు మీద ఉన్నాను. తలుపమ్మ అడిగింది.

"వస్తున్నారా? పోతున్నారా?"

గొంతు సవరించుకుని "పో..." అని ఆగిపోయాడు. నా వైపు చూశాడు. అంత గర్విష్ఠి కళ్ళలోనూ నిన్న నాకు కలిగిన భయమే కనిపించింది. చటుక్కున "వస్తా బావా" అనేసి బాట ఎక్కాడు. తలుపమ్మ "ధన్యవాదాలు" అంది.

వెనక్కి పిలవాలి. పిలవలేదు. తన కళ్ళతో తానే సున్నా చూసి రానీ అనుకున్నాను. పన్నెండు పేజీలు గుర్తొచ్చాయి. ఏనుగు గుర్తొచ్చింది. పిలవకపోవడానికి అవి సరిపోయాయి.

ఏడింటికల్లా పలకలు తుడిచేవాళ్ళందరూ వచ్చేశారు. ఏడూ పదికి బాట పైన ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది. వడగాలి అరగంట ముందే లేచింది. గాలి లేస్తే తలుపమ్మ వేళ కోసం చూడదు. ఏడూ పన్నెండుకు మూత పడింది. సైరన్ లేదు. మనిషి నిద్రలో కన్ను మూసినంత మెత్తగా పడింది.

నేను రెండు చేతులతో మూతను బాదాను. మస్తాన్‌బీ పరిగెత్తుకొచ్చింది.

"ఏంది తాతా? అందరూ లోపలే ఉన్నారంటందిగా."

"భుజంగం బయట ఉన్నాడు. వస్తానని చెప్పి వెళ్ళాడు."

నాగేంద్రమ్మ ఎడమ పళ్ళెం తెచ్చి మా ముందు పెట్టింది. అందులో ఒకే ఒక్క రాయి, పసుపు రంగుది, భుజంగరావు అని రాసి ఉంది.

"తెరువమ్మా" అన్నాను.

"నా చేతిలో లేదు. చక్రం తెద్దామన్నా ఇరుసు కోసేశారు." మస్తాన్‌బీ జల్లెడ వైపు తిరిగింది. "మూత పడ్డాకైనా సరే, బయట మనిషి ఉన్నాడని లెక్కలో చేరితే మూడు నిమిషాలు తెరుస్తది. మనిషికి మూడే."

"అయితే వాడి పేరు చేర్చు."

"గొంతు కావాలి తాతా. ఆయన గొంతు బయట ఉంది."

తలుపమ్మకు కన్ను లేదు. ఎవరు ఎక్కడ నిలబడి చెప్పినా నమ్ముతుంది. నేను జల్లెడ ముందుకు వెళ్ళాను.

"వస్తున్నారా? పోతున్నారా?"

"పోతున్నాను" అన్నాను.

మూత లేచింది. అరవై రోజుల్లో మొదటిసారి సైరన్ మోగింది. దాని వెంట వేడి లోపలికి దూకింది, పొయ్యిలోకి మొహం పెట్టినట్టు. ఇద్దరు పడుచువాళ్ళు తడిగోనెలు కప్పుకుని, నులకమంచం ఎత్తుకుని బాట మీదికి పరిగెత్తారు. "చదలవాడ కోటిలింగం గారూ, త్వరగా లోపలికి రండి" అని తలుపమ్మ మైకులో నన్ను పిలవడం మొదలుపెట్టింది. నేను దాని పక్కనే నిలబడి ఉన్నాను.

మూడు నిమిషాలు ఎంత? వాళ్ళు ఇంకా రెండో వరస కూడా దాటలేదు. ఇప్పుడు బయట ముగ్గురు.

"ఇంకొకరు!" అని అరిచింది మస్తాన్‌బీ. నా తర్వాత తనూ పోతున్నానని చెప్పేసింది, ఆ మూడు నిమిషాలూ కరుగుతున్నాయి.

నాగేంద్రమ్మ నన్ను పక్కకు నెట్టింది. "పోతన్నానే తలుపమ్మా, నీ సంగతి మళ్ళీ వచ్చి చెప్తా..."

"ధన్యవాదాలు. మీరు లోపల ఉన్నారు."

"అయ్యో అమ్మా! చివర్లో వచ్చి అనమాక! మళ్ళీ చెప్పు!"

"పోతన్నా. పోతన్నా. చాల్నా దీనికి?"

చాలింది. అప్పటికి వాడ సగం బాట దగ్గరికి చేరింది. ఎవరికీ ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది. వరసలో నిలబడ్డారు. నెల కిందట పెళ్ళయిన పిల్ల ముందుకు వస్తే, వాళ్ళ అత్త చెయ్యి పట్టి వెనక్కి లాగి "నువ్వు కాదే, నేనంటా" అని తను పోయింది. మూడో మెట్టు వరహాలమ్మ రెండుసార్లు అంది. "మీ పేరు ఇప్పటికే బయట ఉంది" అని తలుపమ్మ విసుక్కుంది. పేరు రాస్తానని ఈవిడ గురించే అన్నాను. రాశాను.

లోపల ముప్పై మూడు డిగ్రీలున్నది నలభై ఒకటికి వచ్చింది. చంటిపిల్లల్ని అడుగు మెట్టుకు దించి కాలవ నీళ్ళలో కూర్చోబెట్టారు. ఎవరూ మూత వేయమనలేదు. దగ్గుతూ, చెంగులు మొహానికి కప్పుకుని, ఒక్కొక్కరే జల్లెడ ముందుకు వచ్చి, పుట్టిన దగ్గరనుంచీ అనని మాట అని, పక్కకు తప్పుకున్నారు.

తొమ్మిదో మనిషి చెప్పాక బాట మీద మంచం కనిపించింది.

భుజంగం పెదవులు చిట్లిపోయాయి. మంచం గేటు దాటుతుండగా తలుపమ్మ వాడినీ అడిగింది, వస్తున్నారా పోతున్నారా అని.

"వచ్చా" అన్నాడు. తర్వాత నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "సున్నానే ఉంది బావా."

"తెలుసురా" అన్నాను. నేను విన్నాననీ, పిలవలేదనీ కూడా అప్పుడే చెప్పాను.

"నేనైనా పిలిచేవాణ్ణి కాదులే" అన్నాడు.

పోయినవాళ్ళందరూ మళ్ళీ వరసలో నిలబడి వచ్చామని చెప్పారు. నేను చెప్పలేదు.

రోహిణి కార్తె, పదో రోజు

హెచ్చరిక: కాలిన చోట పసుపు పూయవద్దు. చల్లనీళ్ళు పోయండి.

బోర్డు మీద ఇప్పుడు బయట ఉన్నవారు: 1 అని ఉంది. ఆ ఒక్కణ్ణి నేను. అందువల్ల రోజూ మూత పడేముందు సైరన్ మోగుతోంది, మూడు నిమిషాలు ఆగుతోంది. నిజంగా బయట ఉన్నవాళ్ళకు పరిగెత్తి రావడానికి వీలుంటోంది. వీళ్ళు మాత్రం మళ్ళీ వస్తానమ్మా అనే వెళుతున్నారు. నేనిక దిద్దడం మానేశాను.

రోజూ తలుపమ్మ నన్ను లోపలికి రమ్మని మైకులో పిలుస్తుంది. పిల్లలకు అది ఆటయింది. నేను నీళ్ళకు వెళితే వెనకనుంచి "చదలవాడ కోటిలింగం గారూ, త్వరగా లోపలికి రండి" అని అదే గొంతుతో అరుస్తారు. గట్టిగా చూస్తే పారిపోతారు. అందరికన్నా బాగా అరిచేది భుజంగం మనవరాలు.

సాయంత్రం వాడు కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"బావా, వచ్చానని చెప్పు. ఎనిమిది రోజుల్నుంచి పోయినోళ్ళ లెక్కలో ఉన్నావు. అక్క ఉంటే నన్ను నరికేది."

"దానికి మాట నేర్పేదాకా ఒకరు బయట ఉండాల్రా."

"అయితే నేనుంటా."

"నీ గొంతు ఇంకా బొంగురు పోయి ఉంది. అది గుర్తుపట్టదు."

వెళుతూ అలవాటుగా "వస్తా బావా" అన్నాడు. మళ్ళీ నాలిక కరుచుకున్నాడు.

"రా" అన్నాను.

మృగశిర కార్తె, మొదటి రోజు

తెల్లవారుజామున నాలుగు చినుకులు పడ్డాయి. పైకప్పు మీద చప్పుడుకు వాడంతా లేచింది.

కంపెనీ మనిషి వచ్చాడు. నా రెండు పేజీలూ చదివాడు. ఎవరో ఒకరు చదివారు. తలుపమ్మ ఇప్పుడు "లోపలికా? బయటికా?" అని అడుగుతుంది. వస్తానమ్మా అంటే "మంచిది, వెళ్ళిరండి" అని బయటి లెక్కలో రాసుకుంటుంది. నాగేంద్రమ్మకు మొదట నమ్మకం కుదరక, అయిదుసార్లు వెళ్ళి అయిదుసార్లు వచ్చింది. ఆవిడ పళ్ళేలను తలుపమ్మ పక్కనే బల్ల మీద పెట్టించారు. రెండు లెక్కలూ కలిస్తేనే మూత పడాలని సంఘం తీర్మానం.

చక్రానికి కొత్త ఇరుసు వేయించి బిగించారు. నెత్తిన మోస్తానన్న పెద్దమనిషి మెడ నొప్పని, నలుగురు మోస్తుంటే దానిమీద చెయ్యి వేసి పక్కన నడిచాడు. దండ తీయడం మరిచిపోయారు. చక్రం దండతోనే తిరుగుతోంది.

చివరికి భుజంగం నా చెయ్యి పట్టుకుని జల్లెడ ముందుకు తీసుకెళ్ళాడు.

"లోపలికా? బయటికా?"

"వచ్చాను" అన్నాను.

"ధన్యవాదాలు, కోటిలింగం గారూ. బయట ఉన్నవారు సున్నా. అందరూ లోపలే ఉన్నారు."

భుజంగం నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. వస్తానండీ అని వెళ్ళిన ఒకరు ఇంకా రాలేదని దానికి తెలియదు.

నేను దిద్దలేదు.